నడుం నొప్పికి ఎంఆర్ఐ: ‘డిస్క్ జారింది’ అని స్కాన్ చెబితే అదే ఆఖరి మాటా?

దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్ నుంచి శ్రీ విజయపురానికి (2024 వరకూ పోర్ట్ బ్లెయిర్) అటూ ఇటుగా పదిహేను కిలోమీటర్లు. బస్సెక్కితే చాలు. కానీ నడుం నొప్పి కాలిలోకి దిగి, ‘డిస్క్ జారినట్టుంది, వెన్ను సర్జన్‌కు చూపించుకోండి’ అన్న మాట చెవిన పడితే ఆ ఇంటివాళ్ల ఆలోచన ఒక్కసారిగా 1,200 కిలోమీటర్ల అవతలికి వెళ్తుంది. చెన్నైకో విశాఖకో విమానం ఎక్కాలి. లేదంటే ఓడలో దాదాపు మూడు రోజులు సముద్రం మీద గడపాలి. నడుం పట్టేసిన మనిషికి రెండూ కష్టమే, ఖర్చు సరేసరి.

ఇది అక్కడి తెలుగువాళ్లకు కొత్త కష్టమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. వీళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. చేపల వేట, భవన నిర్మాణం, కొబ్బరి, పోక తోటల పని... ఏది చూసినా వంగి బరువెత్తే పనే. సిప్పీఘాట్ అంటే కొబ్బరి, మిరియం, లవంగం, జాజికాయ పెంచే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం గుర్తొస్తుంది. 2004 సునామీ తర్వాత నేల కుంగి ఉప్పునీట మునిగిన పొలాలూ గుర్తొస్తాయి. ఇలాంటి చోట నడుం పడిపోతే కూలి ఆగిపోతుంది.

అందుకే ఒక ప్రశ్నకు సమాధానం తెలిసి ఉండాలి. ఎంఆర్ఐ తీస్తే అన్నీ తేలిపోతాయా? ‘ప్రత్యేక’ ఎంఆర్ఐలు అంటూ వినిపించే పేర్లలో ఏది ఎవరికి అవసరం? డాక్టర్ ముందుగా ఒక ప్రశ్న వేసుకుని, దానికి జవాబు వెతకడానికి తీయిస్తే ఎంఆర్ఐని మించిన పరీక్ష లేదు. ప్రశ్న లేకుండా తీయిస్తే మాత్రం లేని భయాన్ని ఇంటికి తెచ్చిపెట్టగలదు.

అసలు జారేది ఏమిటి?

వెన్నెముకలో ఒక ఎముకకూ మరో ఎముకకూ మధ్య దిండులా ఉండేదే డిస్క్. మెడ నుంచి నడుం దాకా మొత్తం 23 డిస్కులు ఉంటాయి. ఒక్కోదానికి చుట్టూ టైరు పొరల్లాంటి గట్టి నార, మధ్యలో నీటిని పట్టి ఉంచే జెల్లీలాంటి గుజ్జు. చిన్న వయసులో ఆ గుజ్జులో 80 శాతం దాకా నీరే. వయసు పెరిగేకొద్దీ ఆ నీరు తగ్గుతుంది, నారలో సన్నని చీలికలు వస్తాయి.

‘స్లిప్ డిస్క్’ అన్న మాట వాడుకలో స్థిరపడిపోయింది గానీ, నిజానికి డిస్క్ ఎక్కడికీ జారదు. పైనా కిందా ఎముకలకు అతుక్కునే ఉంటుంది. చుట్టూ ఉన్న నార బలహీనపడో చిరిగో లోపలి గుజ్జు బయటికి తోసుకొస్తుంది. పక్కనే కాలికి వెళ్లే నరం మొదలు, అంటే డాక్టర్లు నర్వ్ రూట్ అనేది ఉంటుంది. ఆ గుజ్జు నరాన్ని నొక్కుతుంది. అది విడుదల చేసే రసాయనాల వల్ల నరం వాస్తుంది కూడా. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు పాకినట్టు లాగే సయాటికా నొప్పికి ప్రధాన కారణం ఇదే.

కాలి నొప్పికీ డిస్కుకూ ఉన్న ఈ సంబంధాన్ని బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ 1934లో స్పష్టంగా రాశారు. అంతకుముందు ఆపరేషన్‌లో ఇలాంటి ముక్కలు దొరికితే చాలాసార్లు కణితి అనుకునేవారు.

రిపోర్టుల్లో కనిపించే నాలుగు పదాలను ఇక్కడే తెలుసుకుంటే మేలు. డిస్క్ అంచు చుట్టూ కొద్దిగా ఉబ్బితే అది ‘బల్జ్’. ఒకచోట మాత్రమే, మొదలు వెడల్పుగా ముందుకొస్తే ‘ప్రొట్రూజన్’. మెడ సన్నగా, తల పెద్దగా బయటికి వస్తే ‘ఎక్స్‌ట్రూజన్’. ముక్క తెగి విడిపోతే ‘సీక్వెస్ట్రేషన్’. వెన్ను, రేడియాలజీ రంగాల్లోని అమెరికన్ సంఘాలు 2014లో సవరించి ప్రకటించిన నిర్వచనాల ప్రకారం, బల్జ్‌ను హెర్నియేషన్‌గా, అంటే జనం అనుకునే ‘డిస్క్ జారడం’గా లెక్కించరు.

ఎంఆర్ఐ డిస్క్‌ను ఎలా చూస్తుంది?

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, డిస్క్ కనిపించదు. సీటీ స్కాన్‌లో కొంతవరకూ కనిపిస్తుంది గానీ రేడియేషన్ ఉంటుంది. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు. అది వాడుకునేది మన ఒంట్లోని నీటిని, కొవ్వును.

నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంటుంది. దాని కేంద్రకాలు చిన్న చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. ఎక్కువ ఆసుపత్రుల్లో ఉండే 1.5 టెస్లా యంత్రం అయస్కాంత శక్తి భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. అంత బలమైన క్షేత్రంలో పడుకోబెట్టి రేడియో తరంగాలను పంపి ఆపేస్తే, ఆ కేంద్రకాలు మళ్లీ కుదురుకుంటూ సంకేతాలు ఇస్తాయి. ఏ కణజాలం ఎంత వేగంగా కుదురుకుంటుందన్న తేడాతోనే చిత్రం తయారవుతుంది.

మామూలు నడుం ఎంఆర్ఐలో ప్రధానంగా రెండు రకాల చిత్రాలు తీస్తారు. టీ2 చిత్రంలో నీరు తెల్లగా మెరుస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మధ్యభాగం తెల్లగా, ఎండిపోయింది నల్లగా ఉంటుంది. రిపోర్టులో ‘డెసికేషన్’ అంటే ఈ ఎండిపోవడమే. వెన్నుపాము, నరాల చుట్టూ ఉండే ద్రవం కూడా ఇందులో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి డిస్క్ ఎక్కడ ఒత్తుతోందో తెలుస్తుంది.

టీ1 చిత్రంలో కొవ్వు తెల్లగా ఉంటుంది. నరం వెన్ను నుంచి బయటికి వచ్చే రంధ్రంలో సహజంగానే కాస్త కొవ్వు ఉంటుంది. ఆ తెలుపు మధ్యలో నరం నల్లటి చుక్కలా కనిపించాలి. చుట్టూ ఉన్న తెలుపు మాయమైతే అక్కడ నరానికి చోటు తగ్గిందని అర్థం.

మొదటిసారి వచ్చిన సయాటికాలో చాలామందికి ఈ రెండు రకాల చిత్రాలు, పక్క నుంచీ అడ్డంగానూ తీసినవి, సరిపోతాయి. ‘ప్రత్యేక’ పరీక్షల గురించి మాట్లాడే ముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

స్కాన్‌లో కనిపించిందంతా జబ్బేనా?

కాదు. దీనికి గట్టి ఆధారాలున్నాయి.

నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీసిన ఒక అధ్యయనం 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక్కచోట బల్జ్ ఉంది. 27 శాతం మందికి ప్రొట్రూజన్ ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. ఎక్స్‌ట్రూజన్ మాత్రం ఒక్క శాతం మందిలోనే కనిపించింది.

2015లో మరో పరిశోధక బృందం 33 అధ్యయనాలను, అంటే నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసింది. 20 ఏళ్ల వయసులోనే 30 శాతం మందికి బల్జ్ ఉంది. 80 ఏళ్లు వచ్చేసరికి అది 84 శాతం. డిస్క్ అరుగుదల 20 ఏళ్లవాళ్లలో 37 శాతం ఉంటే, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం. అంటే తలలో తెల్ల వెంట్రుకల్లాగే ఇందులో చాలా భాగం వయసు గుర్తు.

కాబట్టి 45 ఏళ్ల మనిషి రిపోర్టులో ‘ఎల్4–ఎల్5 డిఫ్యూజ్ డిస్క్ బల్జ్’ అని ఉన్నంత మాత్రాన అతని నొప్పికి అదే కారణమని చెప్పలేం. ఎక్స్‌ట్రూజన్, నరం స్పష్టంగా నొక్కుకుపోవడం లాంటివి కనిపిస్తే ఆ అనుమానానికి బలం పెరుగుతుంది. అప్పుడు కూడా, అది మనిషి చెప్పే లక్షణాలతో కలవాలి.

ముందు కాలిని అడగాలి

లక్షణాలతో కలవడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చూద్దాం. కొబ్బరి బస్తా ఎత్తిన మర్నాడు ఒకరికి కుడి కాలు లాగడం మొదలైందనుకుందాం.

నడుంలో డిస్క్ హెర్నియేషన్లలో 90 శాతానికి పైగా కింది రెండు డిస్కుల్లోనే, అంటే ఎల్4–ఎల్5, ఎల్5–ఎస్1 దగ్గరే వస్తాయి. పాదం పైభాగంలో తిమ్మిరి, బొటనవేలు పైకి లేపడంలో బలహీనత ఉంటే ఎల్5 నరం మీద అనుమానం. పాదం బయటి అంచున తిమ్మిరి, మునివేళ్ల మీద నిలబడలేకపోవడం, మడమ దగ్గర సుత్తితో కొడితే కదలిక రాకపోవడం ఎస్1 నరం లక్షణాలు. మోకాలి కదలిక తగ్గితే ఎల్4 వైపు చూస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తితే 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో కాలి నొప్పి లాగడం కూడా డిస్క్ వైపే చూపిస్తుంది.

ఈ పరీక్షకు పది నిమిషాలు, ఒక చిన్న సుత్తి చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు. ఇది చేస్తే స్కాన్ ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో తేలుతుంది. ‘కుడి ఎల్5 నరం ఎక్కడైనా నొక్కుకుందా?’ అని చీటీలో రాసి పంపడానికీ, ఊరికే ‘నడుం నొప్పి’ అని రాసి పంపడానికీ చాలా తేడా ఉంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎల్4–ఎల్5 డిస్క్ మామూలుగా మధ్యకు కాస్త పక్కగా ఉబ్బితే కిందికి వెళ్లే ఎల్5 నరాన్ని నొక్కుతుంది. అదే డిస్క్ బాగా పక్కకు, రంధ్రం బయట ఉబ్బితే ఎల్4 నరం దెబ్బతింటుంది. ఒకే డిస్క్ అయినా లక్షణాలు వేరు. అలా బాగా పక్కకు ఉబ్బినవే మామూలు స్కాన్‌లో తప్పిపోయే అవకాశం ఎక్కువ. ప్రత్యేక పద్ధతుల అవసరం ఇలాంటి చోటే వస్తుంది.

ప్రత్యేక ఎంఆర్ఐలు: ఏ ప్రశ్నకు ఏది?

ఇది డిస్కేనా, మరేదైనా ఉందా? - స్టిర్. ఇందులో కొవ్వు సంకేతాన్ని అణచేస్తారు. అప్పుడు వాపు, నీరు చేరిన ఎముక చీకట్లో దీపంలా బయటపడతాయి. వెన్నుపూసలో క్షయ, ఇతర ఇన్‌ఫెక్షన్లు, కొత్తగా విరిగిన ఎముక, క్యాన్సర్ లాంటివి పట్టుకోవడానికి ఇది చాలా ఉపయోగం. క్షయ ఇంకా ఎక్కువగానే ఉన్న మన దేశంలో నడుం నొప్పితో పాటు సాయంకాలం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఈ చిత్రం తప్పనిసరి. చాలా కేంద్రాల్లో మామూలు స్కాన్‌లోనే దీన్ని కలిపి తీస్తున్నారు.

ఆపరేషన్ తర్వాత మళ్లీ నొప్పి ఎందుకు? - కాంట్రాస్ట్ ఎంఆర్ఐ. డిస్క్ ఆపరేషన్ అయిన చోట మచ్చ కణజాలం పెరుగుతుంది. మామూలు చిత్రాల్లో అదీ, మళ్లీ ఉబ్బిన డిస్కూ ఒకేలా కనిపిస్తాయి. నరంలోకి గాడోలినియం మందు ఎక్కించి వెంటనే చిత్రాలు తీస్తే, రక్తనాళాలున్న మచ్చ మెరుస్తుంది. డిస్క్ ముక్కలో రక్తనాళాలు ఉండవు కాబట్టి దాని మధ్యభాగం మెరవదు. ఈ తేడా మీదే రెండో ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఆధారపడొచ్చు. మొదటిసారి వచ్చిన మామూలు సయాటికాకు మాత్రం సాధారణంగా కాంట్రాస్ట్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కొన్ని పాత రకం గాడోలినియం మందుల వల్ల చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే అరుదైన జబ్బు వచ్చింది. కొత్త రకాల్లో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా కిడ్నీ జబ్బు ఉన్నా, అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంత ఎక్కువో తెలిసిందే. ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నారో లేదో చూసుకోవడం మంచిది. గర్భిణులకు ఈ మందు సాధారణంగా ఇవ్వరు.

నరాల చుట్టూ ద్రవం ఎక్కడ ఆగిపోతోంది? - ఎంఆర్ మైలోగ్రఫీ. ఒకప్పుడు నడుంలో సూది గుచ్చి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఇప్పుడు సూది లేకుండానే, ద్రవం ఒక్కటే తెల్లగా మెరిసేలా టీ2ను బాగా పెంచి తీస్తారు. నరాల కాలువ ఎన్ని చోట్ల ఇరుకైందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇది అదనపు సమాచారమే, అసలు చిత్రాలకు బదులు కాదు.

పక్కకు దాక్కున్న డిస్క్ ఉందా? - త్రీడీ ఎంఆర్ఐ. మామూలు చిత్రం ఒక్కో ముక్క మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. త్రీడీ పద్ధతిలో ఒక మిల్లీమీటరు, అంతకన్నా సన్నగా కూడా తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో కోసి చూడొచ్చు. రంధ్రంలోనూ, దాని బయటా ఉన్న హెర్నియేషన్లకు, వంకర తిరిగిన వెన్నెముకకు ఇది బాగా పనికొస్తుంది.

వెన్నులో ఏమీ లేదు, కాలు మాత్రం లాగుతోంది - ఎంఆర్ న్యూరోగ్రఫీ. 1990ల మొదట్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి వెన్ను దాటిన తర్వాత నరం దారి అంతా చూపిస్తుంది. పిరుదు కండరం కింద నరం నొక్కుకుపోవడం, కటి భాగంలో కణితి, గాయం వంటివి ఇందులో బయటపడొచ్చు. డిస్క్ మామూలుగా ఉండి లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్లకే ఇది. చదవడానికి అనుభవమున్న రేడియాలజిస్టు కావాలి.

పడుకుంటే తగ్గుతుంది, కూర్చుంటే వస్తుంది - నిలబెట్టి తీసే ఎంఆర్ఐ. స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ 1960ల్లోనే డిస్క్ లోపలి ఒత్తిడి కొలిచి, పడుకున్నప్పటికన్నా నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు అది ఎక్కువని చూపించారు. మరి స్కాన్ పడుకోబెట్టి తీస్తే అసలు సంగతి తెలుస్తుందా? ఈ ప్రశ్న నుంచే నిలువు ఎంఆర్ఐ వచ్చింది. 1977లో మనిషి శరీరాన్ని మొదట ఎంఆర్ఐ తీసినవారిలో ఒకరైన రేమండ్ డమేడియన్ స్థాపించిన ఫోనార్ సంస్థ ఇలాంటి యంత్రాలు తయారు చేసింది. కొందరిలో, ముఖ్యంగా ఎముక ముందుకు జరిగే సమస్య ఉన్నవాళ్లలో, ఇది కొత్త విషయం చూపించగలదు. కానీ ఈ యంత్రాల అయస్కాంత శక్తి తక్కువ, 0.6 టెస్లా, అంతకన్నా తక్కువ. చిత్రం అంత స్పష్టంగా రాదు. నొప్పితో నిలబడి కదలకుండా ఉండటం కష్టం. దీనివల్ల చికిత్స ఫలితాలు మెరుగయ్యాయని గట్టి రుజువు లేదు. మన దేశంలో ఇవి అరుదు. వీటి కోసమే సముద్రం దాటాల్సిన అవసరం చాలా కొద్దిమందికే ఉంటుంది.

ఇక నరంలో నీటి కదలికను కొలిచే డిఫ్యూజన్ టెన్సర్ ఇమేజింగ్, డిస్క్ ఎంత ఎండిందో అంకెల్లో చెప్పే టీ2 మ్యాపింగ్, టీ1 రో లాంటివి ప్రస్తుతానికి ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. ఆపరేషన్ చేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఇవి ఇంకా మార్చలేదు. వీటి పేరుతో అదనపు డబ్బు అడిగితే ‘దీనివల్ల నా చికిత్సలో ఏం మారుతుంది?’ అని అడగొచ్చు.

ఒకే నడుం, పది రిపోర్టులు

యంత్రం ఎంత ముఖ్యమో, చదివే కళ్లు అంత ముఖ్యం. అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. నడుం నొప్పి, కాలి నొప్పి ఉన్న 63 ఏళ్ల మహిళను మూడు వారాల వ్యవధిలో పది వేర్వేరు కేంద్రాలకు పంపి ఎంఆర్ఐ తీయించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 వేర్వేరు అంశాలు రాశారు. పదింటిలోనూ ఉన్న అంశం ఒక్కటీ లేదు. నిపుణులు సరిచూస్తే, ఉన్న లోపాల్లో సగటున 43 శాతానికి పైగా రిపోర్టుల్లో కనిపించలేదు.

మనిషి ఒక్కరే కాబట్టి దీన్ని అన్నిటికీ అన్వయించలేం. కానీ రెండు పాఠాలున్నాయి. రేడియాలజిస్టుకు రోగి లక్షణాలు రాసి పంపాలి. సర్జన్ రిపోర్టు ఆఖరి పేరా చదివి వదిలేయకుండా చిత్రాలను స్వయంగా చూడాలి.

ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు?

డిస్క్ వల్ల వచ్చిన సయాటికా చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నడుంలో తోసుకొచ్చిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. చిత్రమేమిటంటే, చూడటానికి ఎంత పెద్దదైతే అంత బాగా కరుగుతుంది. పాత అధ్యయనాలన్నీ కలిపి 2015లో చేసిన సమీక్షలో, పూర్తిగా తెగిపడిన ముక్కలు 96 శాతం సందర్భాల్లో, ఎక్స్‌ట్రూజన్లు 70 శాతం, ప్రొట్రూజన్లు 41 శాతం సందర్భాల్లో తగ్గాయి. బల్జ్‌ల్లో అది 13 శాతమే.

ఆపరేషన్ సంగతికొస్తే, తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది గడిచేసరికి మాత్రం రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. అదే రోగులకు ఏడాది తర్వాత మళ్లీ ఎంఆర్ఐ తీస్తే, బాగా ఉన్నవాళ్లలో 35 శాతం మందికి, బాగాలేని వాళ్లలో 33 శాతం మందికి హెర్నియేషన్ ఇంకా కనిపించింది. అంటే ఎవరు కోలుకున్నారో స్కాన్ చూసి చెప్పలేకపోయారు.

అందుకే ప్రమాద సంకేతాలు లేకపోతే మొదటి ఆరు వారాలు స్కాన్ అవసరం లేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈలోగా మంచానికే పరిమితం కాకుండా వీలైనంత కదలడం, డాక్టర్ చెప్పిన మందులు, ఫిజియోథెరపీ. ఆరు వారాలు దాటినా కాలి నొప్పి తగ్గక, ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచిస్తున్నప్పుడు ఎంఆర్ఐ తీయించాలి.

కానీ ఈ కింది వాటికి ఆరు వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు.

- మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం పట్టు తప్పడం
- సైకిల్ సీటు తాకే భాగంలో స్పర్శ పోవడం
- రెండు కాళ్లలోనూ నొప్పి, బలహీనత
- పాదం వేలాడిపోవడం, బలం రోజురోజుకూ తగ్గడం
- జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ లేదా క్షయ
- చెట్టు మీద నుంచి పడటం లాంటి పెద్ద దెబ్బ

మొదటి మూడూ ‘కాడా ఈక్వైనా’ అనే అత్యవసర పరిస్థితి సంకేతాలు. పెద్ద డిస్క్ ముక్క నడుం కింది నరాల కట్టనంతటినీ నొక్కేసినప్పుడు వస్తుంది. 48 గంటల్లోపు ఒత్తిడి తీసేస్తే ఫలితం మెరుగని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. సిప్పీఘాట్‌లో ఉన్నవాళ్లకు ఈ లెక్క చాలా కీలకం. ఓడ ప్రయాణమే అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఈ లక్షణాలు కనిపిస్తే టికెట్ల కోసం వెతకకుండా నేరుగా శ్రీ విజయపురంలోని ప్రభుత్వ రిఫరల్ ఆసుపత్రి జీబీ పంత్ అత్యవసర విభాగానికి వెళ్లి, ‘మూత్రం రావడం లేదు’ అన్న మాట అందరికన్నా ముందు చెప్పాలి.

సముద్రం దాటే ముందు

అత్యవసరం కానివాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. మనిషి వెళ్లకముందే చిత్రాలు వెళ్లొచ్చు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. అప్పటిదాకా దీవులు ప్రధానంగా ఉపగ్రహ ఇంటర్నెట్ మీదే నెట్టుకొచ్చాయి. ఒక నడుం ఎంఆర్ఐ ఫైళ్లు వందల మెగాబైట్లు ఉండొచ్చు. వాటిని ఇప్పుడు మెయిన్‌ల్యాండ్ సర్జన్‌కు పంపి, ఫోన్లోనో వీడియోలోనో ‘నేను రావాలా? వస్తే ఇంకే పరీక్ష కావాలి?’ అని ముందే అడగొచ్చు. కాళ్లలో బలం పరీక్షించడం మాత్రం వీడియోలో పూర్తిగా కుదరదు. స్థానిక డాక్టర్ రాసిన పరీక్ష వివరాలు కూడా జత చేయాలి.

దీనికి ఫిల్ముల ఫొటోలు సరిపోవు. డైకామ్ ఫైళ్లున్న సీడీ లేదా పెన్‌డ్రైవ్ అడిగి తీసుకోవాలి. అవి ఉంటే అదే స్కాన్‌ను మరో ఊళ్లో మళ్లీ తీయించే అవసరం చాలాసార్లు తప్పుతుంది. పాత స్కాన్ సీడీ కూడా దగ్గర పెట్టుకోవాలి. పోల్చి చూడటానికి దాన్ని మించింది లేదు.

స్కాన్ గదిలోకి వెళ్లే ముందు ఇంకొన్ని సంగతులు చెప్పాలి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్, చెవిలో ఇంప్లాంట్, వెల్డింగ్ పనిలో కంట్లో పడ్డ ఇనుప రజను ఉంటే తప్పక చెప్పాలి. కొన్ని పేస్‌మేకర్లతో ఇప్పుడు జాగ్రత్తల మధ్య స్కాన్ సాధ్యమే. కుదరని వాళ్లకు సీటీ ఉంది. మంగళసూత్రం, మెట్టెలు, తాయెత్తు, మొలతాడుకున్న బిళ్ల తీసేయాలి. యంత్రంలో 20 నుంచి 40 నిమిషాలు కదలకుండా ఉండాలి, పెద్ద చప్పుడు వస్తుంది. ఇరుకు చోటంటే భయం ఉంటే ముందే చెబితే డాక్టర్ దానికి తగ్గ ఏర్పాటు చేస్తారు.

చివరగా, స్కాన్ రాసిన డాక్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఏ నరం మీద అనుమానం ఉంది? ఈ స్కాన్‌లో ఏం కనిపిస్తే నా చికిత్స మారుతుంది? మామూలు ఎంఆర్ఐ సరిపోతుందా, ప్రత్యేకంగా ఇంకేదైనా ఎందుకు కావాలి? మూడింటికీ సూటిగా జవాబు వస్తే స్కాన్ తీయించుకోండి. రెండో ప్రశ్నకు జవాబు ‘ఏమీ మారదు’ అయితే, ప్రమాద సంకేతాలు లేనంతవరకూ, ఆ డబ్బు ఫిజియోథెరపీకి దాచుకోవడంలో తప్పులేదు.